కావలిలో ఇల్లు కడుతున్నాం, పాపకు ఆయాసం ఉంది: గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ తీసుకోవాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కావలిలో 30 అంకణాల స్థలంలో తూర్పు ముఖంగా రెండంతస్తుల ఇల్లు మొదలుపెట్టారు. పునాది అయింది, గోడలు లేవాలి. ఏడేళ్ల పాపకు ఆయాసం ఉంది, వానాకాలం చివర్లో ఎక్కువవుతోంది. ఒకాయన గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ తీసుకోమన్నారు, ఇంకొకాయన ఏఏసీ బ్లాకులతో (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలు) కడితే అదే గ్రీన్ బిల్డింగ్ అన్నారు. గ్రానైట్ వేస్తే రేడియేషన్ వస్తుందని వీడియోలో చూసి భయపడ్డారు. కార్తీకంలో గృహప్రవేశం అనుకుంటున్నారు.

సూటిగా చెప్తాను. మీ ఒక్క ఇంటికి రేటింగ్ అక్కర్లేదు. ఆ డబ్బు టాప్ శ్లాబు మీద, పడమటి గోడ మీద, చెమ్మ ఎక్కకుండా చూడడం మీద, పాప పడుకునే గదిలోకి బయటిగాలి రావడం మీద పెట్టండి. గ్రానైట్ గురించి భయం వద్దు. కార్తీకంలో పాలు పొంగించుకోండి, కాపురం మాత్రం మాఘం దాకా ఆపండి. కారణాలు వివరంగా రాస్తాను.

నేను సివిల్ ఇంజినీరుని. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఇళ్లు డిజైన్ చేయడం, దగ్గరుండి కట్టించడం నా పని. డాక్టరుని కాను. ఇల్లు ఎంత బాగా కట్టినా పాపకు వాడుతున్న ఇన్హేలర్ డాక్టరుగారు చెప్పకుండా ఆపొద్దు. మంచి ఇల్లు ఆయాసాన్ని రెచ్చగొట్టేవాటిని తగ్గిస్తుంది, అంతవరకే.

రేటింగ్ అంటే ఏమిటో ముందు తెలుసుకోండి. ఇల్లు పర్యావరణానికీ ఉండేవాళ్లకూ ఎంత మేలైందో చూసి మార్కులు వేయడమే రేటింగ్. మన దేశంలో ఎక్కువగా వినపడేవి ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్), ‘గృహ’ అనే రెండు రేటింగులు. ఐజీబీసీ 2001లో మొదలైంది, దాని కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. అక్కడి సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనాన్ని 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికావాళ్ల లీడ్ అనే రేటింగులో అన్నిటికంటే పైదైన ప్లాటినం స్థాయిని అమెరికా బయట పొందిన మొదటి భవనం అదే. వీలైతే ఒకసారి చూసి రండి. ఈ రేటింగులన్నీ దాదాపు అవే విషయాలకు మార్కులు వేస్తాయి: స్థలాన్ని ఎలా వాడారు, నీళ్లు ఎంత పొదుపు చేస్తారు, కరెంటు ఎంత కాలుతుంది, ఏ సామాను ఎంత దూరం నుంచి తెచ్చారు, లోపలి గాలీ వెలుతురూ ఎలా ఉన్నాయి. అపార్ట్‌మెంట్ కట్టి అమ్మేవాళ్లకు రేటింగ్ ఉపయోగమే, కొనేవాడికి ఒక భరోసా. మీ ఇంట్లో ఉండేది మీరే. సూత్రాలు తీసుకోండి, పలక కోసం ఖర్చు పెట్టకండి.

ఇక ఏఏసీ బ్లాకులు. మంచి సామానే. ఎనిమిది అంగుళాల ఏఏసీ గోడలోంచి వచ్చే వేడి, తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడలోంచి వచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. కానీ గోడ ఒక్కటే చల్లగా ఉంటే ఇల్లు చల్లబడదు. ఒంగోలులో ఒక ఇల్లు చూడమని నన్ను పిలిచారు. నాలుగు వైపులా ఏఏసీ, పైన ఒట్టి శ్లాబు, పడమటివైపు నేల నుంచి పైదాకా అద్దం. మేలో సాయంత్రం ఆ హాల్లో నిలబడలేకపోయాం. ఆ ఇంటాయన బ్లాకులు కంపెనీ సరుకు కాదేమో అని అనుమానపడుతున్నాడు. బ్లాకుల్లో లోపం ఏమీ లేదు. వేడి పైనుంచి, అద్దంలోంచి వస్తోంది.

మన నెల్లూరు, కావలి వైపు ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు నడిమిలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు. ఆ మధ్య నెలల్లో కూడా కాస్త ఉత్తరానికి జరుగుతాడంతే. అంటే ఎండాకాలం దెబ్బంతా డాబాకే. మేలో ఒట్టి కాంక్రీటు డాబా పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి మెల్లగా దిగి రాత్రి తొమ్మిదికీ పదికీ పడకగదిలోకి వస్తుంది. ఫ్యాన్ వేస్తే వేడిగాలి మొహాన కొట్టేది అందుకే.

టాప్ శ్లాబుకు రెండు పనులు చేయండి. మొదటిది, శ్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక ఇన్సులేషన్ షీటు పరిచి, దానిమీద వాలు కాంక్రీటు వేసి టైల్స్ వేయించండి. ఇళ్లకోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే కోడ్ ఉంది. పైకప్పు యూ విలువ 1.2 దాటకూడదని అందులో ఉంది. యూ విలువ అంటే కప్పులోంచి వేడి ఎంత తేలిగ్గా దిగుతుందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది. ఒట్టి శ్లాబుకు అది మూడు దాటుతుంది. ఎక్స్‌పీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ నురుగు షీటు ఒక అంగుళం వేసినా పరిమితి లోపలికి వచ్చేస్తాం, రెండంగుళాలు వేస్తే ఇంకా బాగుంటుంది. రెండోది, పైన వేసే టైల్స్ తెల్లవి ఎంచుకోండి. షీటుకు డబ్బు సరిపోకపోతే కనీసం తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయించి ఏటా ఎండాకాలం ముందు కడిగించండి. దుమ్ము పట్టిన తెలుపు పనిచేయదు.

డాబా మీద నీడకోసం రేకులు వేయిస్తారు చాలామంది. నీడ మంచిదే. సిమెంటు రేకులు మాత్రం వద్దు, చాలావాటిలో ఆస్‌బెస్టాస్ అనే నారలాంటి ఖనిజం ఉంటుంది. కోసినా, చిల్లు పెట్టినా లేచే సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో చేరి క్యాన్సర్ తెస్తుంది. పాప ఉన్న ఇంట్లో ఆ మాటే రాకూడదు. తెల్ల రంగు పూసిన ఇనుప రేకులు వేసుకోండి. నీడకోసం సోలార్ కూడా ఆలోచించండి. పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది, సోలార్ పలకలే డాబాకు నీడ అవుతాయి.

తర్వాత పడమర. మీది తూర్పు ముఖం కాబట్టి వాస్తు ప్రకారం పెద్ద పడకగది నైరుతిలో పెట్టి ఉంటారు. ఇంటి మొత్తంలో ఎక్కువ ఎండ తినేది ఆ గదే, దక్షిణం, పడమర రెండూ దానికే. వాస్తు మార్చమని నేను చెప్పను, అవసరం కూడా లేదు. ఆ పడమటి గోడకు ఏఏసీ వాడండి. మిగతా గోడలు ఫ్లై యాష్ ఇటుకతో కట్టినా సరిపోతుంది. కృష్ణపట్నం దగ్గరి థర్మల్ ప్లాంట్ల బూడిద మనకు దగ్గరలోనే దొరుకుతుంది, పొలాల మట్టి తవ్వే పని తప్పుతుంది. ఒక్క మాట, ఫ్లై యాష్ ఇటుక వేడిని ఎర్ర ఇటుక కంటే ఎక్కువగా ఏమీ ఆపదు. దాని మేలు మట్టికి, పొలానికి.

పడమటి కిటికీలకు రెండడుగుల సజ్జ సరిపోదు, సాయంత్రం ఎండ అడ్డంగా వస్తుంది. బయటివైపు జాలీ, నిలువు పట్టీలు, వెదురు తడక, ఏదో ఒకటి ఉండాలి. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది. పడమటి గోడకు లోపల కప్‌బోర్డులు పెట్టించండి, వేడికి అదొక అడ్డు. స్థలం ఉంటే బయట కానుగ మొక్క నాటండి, గోడకు మరీ ఆనించి కాకుండా.

కప్‌బోర్డుల మాట వచ్చింది కాబట్టి చెమ్మ సంగతి ఇక్కడే చెప్తాను, మీ పాపకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. మన వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు వచ్చినప్పుడల్లా జల్లు ఉత్తరం, తూర్పు గోడలను రోజుల తరబడి కొడుతుంది. ఉత్తరం, తూర్పు బయటి గోడలకు ఆనించి కప్‌బోర్డులు కట్టించకండి. వెనక గాలి ఆడదు, గోడ చల్లగా తడిగా ఉంటుంది, చెక్క వెనక బూజు పడుతుంది. తలుపు తీయగానే ముక్కుకు కొట్టే ఆ ముక్కిన వాసన బూజుదే. ఆయాసం ఉన్న పిల్లలకు బూజు రేణువులు, పరుపుల్లో ఉండే డస్ట్ మైట్స్ అనే కంటికి కనపడని పురుగులు పెద్ద శత్రువులు. రెండూ గాలిలో తేమ ఎక్కువ ఉన్నప్పుడే పెరుగుతాయి. లోపలి తేమను 60 శాతం లోపు ఉంచగలిగితే బూజు చాలావరకు అదుపులో ఉంటుంది, డస్ట్ మైట్స్ తగ్గాలంటే 50 శాతం లోపు ఉండాలి. వానల్లో మీ పాపకు ఎక్కువవడానికి ఇదొక కారణం కావచ్చు, డాక్టరుగారిని అడగండి.

కింద నుంచి ఎక్కే చెమ్మ వేరు. తీరానికి దగ్గర ఊళ్లలో మట్టిలో, బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది. ఇసకపల్లి వైపు నేను చూసిన ఒక ఇంట్లో కొత్త పెయింట్ వేసిన ఏడాదికే గోడ మూడడుగుల ఎత్తు దాకా చౌడెక్కి పొడి పొడిగా రాలిపోయింది. ఉప్పుబోరు నీళ్లతోనే మాలు కలిపారు, ప్లింత్ బీమ్ మీద డీపీసీ (కింది చెమ్మ గోడలోకి ఎక్కకుండా ఆపే పొర) వేయలేదు. తర్వాత ఎన్ని వాటర్‌ప్రూఫ్ పెయింట్లు కొట్టినా ఆగలేదు. గోడ లేచాక దీనికి మంచి మందు లేదు. మీకు గోడలు ఇంకా లేవలేదు కాబట్టి ఇప్పుడే రెండు చూసుకోండి: ప్లింత్ మీద డీపీసీ సక్రమంగా పడాలి, మాలుకీ క్యూరింగ్‌కీ వాడే నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించాలి. ఉప్పు ఎక్కువుంటే ట్యాంకరు నీళ్లే వాడండి. సముద్రపు ఇసుక అయితే ససేమిరా వద్దు, లోపలి కడ్డీ తుప్పు పట్టి శ్లాబు పెచ్చులు రాలుతుంది.

ఇప్పుడు గాలి. ఎకో నివాస్ సంహిత ప్రకారం మనలాంటి వేడి, తేమ కలిసిన ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలి. 120 చదరపు అడుగుల గదికి 20 చదరపు అడుగులు. ఇక్కడ అందరూ మోసపోయేది స్లైడింగ్ కిటికీ దగ్గర. నాలుగడుగుల చదరం స్లైడింగ్ పెడితే తెరుచుకునేది 8 చదరపు అడుగులే, రెక్కల కిటికీ అయితే దాదాపు 16. బేల్దారి మేస్త్రీ, అల్యూమినియం పనివాళ్లు తేలిక అని స్లైడింగే చెప్తారు. మీరు రెక్కల కిటికీలే అడగండి. ఒకే గోడకు రెండు కిటికీల కంటే రెండు వేరు గోడలకు ఒక్కోటి మేలు. వచ్చిన గాలికి పోయే దారి ఉండాలి.

ఎప్పుడు తెరవాలన్నది కూడా కాలాన్ని బట్టి. మే, జూన్‌లో పడమటి వడగాలి వీచేటప్పుడు పగలు పది దాటాక కిటికీలు మూసి, సాయంత్రం సముద్రపు గాలి మళ్లాక తెరిచి రాత్రంతా తెరిచే ఉంచండి. రాత్రి చల్లబడిన గోడలు మర్నాడు మధ్యాహ్నం దాకా కాపాడతాయి. వరి కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో మాత్రం పొగ పోయేదాకా మూసే ఉంచండి. ఇక దోమలు. కిటికీలన్నిటికీ మెష్ తప్పనిసరి, పాపకు దోమతెర కూడా. దోమల చుట్ట వెలిగించొద్దు. ఒక్క చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధనలో లెక్కగట్టారు. మూసిన గదిలో రాత్రంతా అది పీల్చడం ఆయాసం ఉన్న బిడ్డకు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అగరొత్తులు, సాంబ్రాణి కూడా అంతే. పూజగదికి ఒక కిటికీ పెట్టండి, దీపం వెలిగించండి, పొగ తగ్గించండి. వంటింటి చిమ్నీ గొట్టం గోడ బయటకు పోవాలి. గొట్టం లేకుండా అదే గాలిని తిప్పి లోపలికి వదిలే రకం చిమ్నీ నూనె జిడ్డు కొంత పట్టుకుంటుందేమో గానీ గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌ను బయటకు పంపదు.

స్ప్లిట్ ఏసీ బయటిగాలిని లోపలికి తీసుకురాదు. ఇది చాలామందికి తెలియదు. ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ వదులుతుంది. బయట కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 420 పాళ్లు) దగ్గర ఉంటుంది. తలుపులు, కిటికీలు బిగించి ముగ్గురు పడుకున్న ఒక నెల్లూరు పడకగదిలో మీటరు పెట్టి చూశాను, తెల్లవారేసరికి 2000 దాటింది. ఆ వాయువే విషమని కాదు నా ఉద్దేశం. అది అంత పెరిగిందంటే గదిలో గాలి మారడం లేదని అర్థం, అంటే పెయింట్ వాసన, తేమ, దుమ్ము కూడా అక్కడే తిరుగుతున్నాయి. తెల్లారి తలనొప్పి, మత్తు అని ఆ ఇంటివాళ్లు చెప్పేవాళ్లు. గోడలో నాలుగంగుళాల పైపు పెట్టి, ఫిల్టరు ఉన్న చిన్న ఫ్యాన్‌తో బయటిగాలి లోపలికి వచ్చేలా చేశాం. మనిషికి సెకనుకు 7 నుంచి 10 లీటర్ల బయటిగాలి అందితే చాలు. గోడ కట్టేటప్పుడు పైపు పెట్టించడం మేస్త్రీకి నిమిషాల పని, తర్వాత తొలచాలంటే తలనొప్పి. పాప గదిలో ఇప్పుడే పెట్టించేయండి. వానాకాలం ఆ గాలితోపాటు తేమ వస్తుంది కాబట్టి ఏసీని డ్రై మోడ్‌లో నడపండి.

సామాను విషయంలో నా టెన్షనంతా చివరి రెండు నెలల గురించే. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, వీటి జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు వాయువు నెలల తరబడి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. చవక పార్టికల్ బోర్డు వద్దు. ఆ వాయువు తక్కువ వదిలే ఈ-జీరో (E0) లేదా ఈ-వన్ (E1) గ్రేడ్ ప్లైవుడ్ అడగండి, కోసిన అంచులన్నీ బ్యాండింగ్‌తో మూయించండి. పాప గదిలో కప్‌బోర్డు ఒక్కటి చాలు, మంచం టేకుదో వేపదో చేయించండి. పెయింట్ నీటితో కలిపే తక్కువ వీఓసీ (గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు) రకం తీసుకోండి, తలుపులకు కూడా అదే. ఇంటీరియర్ వాళ్లు లామినేట్‌కు వాడే రబ్బర్ సొల్యూషన్ ఘాటు మామూలుగా ఉండదు, ఆ పని జరిగే రోజుల్లో పాపను సైటుకు తీసుకురావద్దు.

గ్రానైట్ భయం గురించి. రాళ్లలో సహజంగా యురేనియం కొద్దిపాటి ఉంటుంది, దాంట్లోంచి రేడాన్ అనే వాయువు వస్తుంది, అంతవరకు నిజమే. కానీ మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి భూగర్భశాస్త్రం లెక్కన అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతి నల్లరాయి. అలాంటి రాళ్లలో యురేనియం చాలా తక్కువ. కిటికీలు తెరిచే ఇంట్లో వంటింటి గట్టు వల్ల వచ్చే రేడాన్ లెక్కలోకే రాదు. పైగా పక్క జిల్లాలో దొరికే రాయి, ఇటలీ పాలరాయిలా ఓడలెక్కి రాదు. నిశ్చింతగా వేసుకోండి.

గాలి శుభ్రమవుతుందని కుండీ మొక్కలు నింపమని కూడా మీకెవరో చెప్తారు. 1989లో నాసా చేసిన ప్రయోగం బిగించిన పెట్టెల్లో జరిగింది. మామూలు ఇంట్లో ఆ ఫలితం రావాలంటే ఇల్లంతా అడవి కావాలి. ఇష్టమైతే వరండాలో పెంచుకోండి. పాప గదిలో తడిమట్టి కుండీలు వద్దు, బూజుకు అదొక చోటు.

నీళ్ల సంగతి రెండు మాటల్లో. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే, పోయేది పోగా 75 వేల లీటర్ల దాకా చేతికొస్తుంది. మొదటి వాన వదిలేసి, తర్వాతది ఫిల్టరు గుండా సంపులోకి, మిగిలింది బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పంపండి. కనిగిరి, ఉదయగిరి వైపు కట్టేవాళ్లు ఇది చదువుతుంటే, అక్కడ నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది కాబట్టి తాగడానికి వాననీళ్లు నిల్వ చేసుకోవడం ఇంకా ముఖ్యం. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదు. ఫ్యాన్లు బీఎల్‌డీసీవి కొనండి, పాత 75 వాట్ల పని 30 వాట్లలో అయిపోతుంది.

చివరగా ముహూర్తం. కార్తీకం అంటే నవంబరు, మనకు తుఫాన్ల కాలం. అప్పటికి హడావిడిగా ప్లాస్టరింగ్ ముగించి, ఆరని గోడకు పుట్టీ పెట్టి పెయింట్ వేస్తే తడి లోపలే ఉండిపోతుంది, సంక్రాంతికల్లా బుడగలు, బూజు. కార్తీకంలో పూజ చేసుకోండి, చుట్టాలకు భోజనాలు పెట్టండి. పెయింట్ చివరి కోటు, చెక్కపని వానలు తగ్గాక పెట్టుకోండి. అవి పూర్తయ్యాక కప్‌బోర్డుల తలుపులన్నీ, కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్లు వేసి కనీసం నెలరోజులు ఆరనివ్వండి. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే పాపకోసమని చెప్పండి, మనవరాలి మాటంటే వింటారు.

మీ ప్లాన్ ఫొటో ఇక్కడ పెడితే కిటికీలు ఎక్కడ, ఎంత ఉండాలో గుర్తుపెట్టి చెప్తాను. నైరుతి గది కొలతలు, పాప ఏ గదిలో పడుకుంటుందో, బోరు నీళ్ల పరీక్షలో క్లోరైడ్లు (ఉప్పు) ఎంత వచ్చాయో తప్పకుండా రాయండి. గోడలు లింటెల్ మట్టానికి రాకముందే పెట్టండి, ఆ తర్వాత కిటికీలు మార్చడం కష్టం.